గోలీల సారు

పోయిన వారం కామారెడ్డి నుంచి ఎల్లారెడ్డికి పొద్దుటి ట్రిప్పు. తాడ్వాయి దాటింది. వెనక సీట్లో పాతికేళ్ల ఇన్సూరెన్స్ ఏజెంటు ఒకడు పక్కన కూర్చున్న ఆడమనిషి పాలసీ ఫారం ఫోన్లోనే నింపేస్తున్నాడు. పేరు, ఊరు, పుట్టిన తేదీ అయ్యాయి. బీపీ, షుగర్, గుండెజబ్బు గిట్ల ఏం లెవ్వు గద అక్కా అన్నాడు. ఆమె నోరు తెరిచేలోపే "లెవ్వు" అని తనే అనేసుకుని ఫోను మీద టక్కున నొక్కాడు. నాకు సంబంధం లేని ముచ్చట. నేను కండక్టర్ని, నా పని టికెట్లు కొట్టడం. కానీ నా నోరు ఊరుకుంటేనా.

"గట్ల అడుగుతరా తమ్మీ? రోజూ గోలి ఏమన్న మింగుతున్నవా అని అడగాలె," అన్నాను.

బస్సంతా నా వైపు తిరిగింది. పిల్లగాడు నన్ను ఎగాదిగా చూశాడు. చూస్తే చూడనీ. అసలు ఆ మాట నాది కాదు. నా గొంతులోంచి అంత అలవాటుగా ఎలా వచ్చిందా అని నాకే వింతగా ఉంది.

ఆ మాట ఎవరిదో ఆయన పోయి ఏడాది కావస్తోంది. పేరు రాయను. రాసినా మా రూట్లో ఎవరూ గుర్తుపట్టరు. ఇరవై ఏళ్లుగా ఆయన మాకు గోలీల సారే. మా దిక్కు మాత్రను గోలి అంటాం. అలాగని ఆయన డాక్టరూ కాదు, మందుల దుకాణం వాడూ కాదు. జీవిత బీమా ఏజెంటు. ఎల్లారెడ్డిలో ఎక్కి లింగంపేటలోనో తాడ్వాయిలోనో దిగి, ఊళ్లన్నీ తిరిగి సాయంత్రం బస్సుకు మళ్లీ ఎక్కేవాడు. ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా, జిప్పు పోతే సేఫ్టీ పిన్ను పెట్టిన రెగ్జిన్ సంచి. ఎక్కగానే చిల్లర సరిగ్గా లెక్కపెట్టి నా అరచేతిలో పెట్టేవాడు. కండక్టర్‌కు అంతకంటే మంచి మనిషి ఎవరుంటారు!

మిగతా ఏజెంట్లు పిల్లల పెళ్లిళ్లు, చదువులు అంటూ మొదలుపెడతారు. ఈయన అట్లా కాదు. పక్క సీట్లో మనిషి సర్దుకుని కూర్చోగానే, పొద్దుగాల లేచినంక ఏమేం నోట్లేసుకుంటవు అని అడిగేవాడు. వాళ్లు చాయ్, పళ్లపొడి, తంబాకు అని చెప్పుకుంటూ పోతే ఓపికగా వినేవాడు. ఎక్కడో ఒకచోట గోలి బయటపడేది. అప్పుడు కళ్లద్దాలు నుదుటి మీదికి తోసి, ఆ స్ట్రిప్పును కిటికీ వెలుతురుకు ఎత్తి పట్టుకుని అక్షరం అక్షరం చదివేవాడు. పది గోలీల స్ట్రిప్పును మా దుకాణాల్లో కత్తెరతో రెండు ముక్కలు చేసి ఇస్తారు గదా, పేరున్న ముక్క ఒకరికి, పేరులేని ముక్క ఇంకొకరికి పోతుంది. పేరులేని ముక్క చేతికి వస్తే మాత్రం ఆయనకు ఎక్కడలేని కోపం వచ్చేది. నీ రోగం పేరు ఎవలో తీస్కపోయిండ్రమ్మా అని, దుకాణం ఎక్కడో అడిగి మరీ నోటుబుక్కులో రాసుకునేవాడు.

ఆడవాళ్లకు బస్సు ఫ్రీ అయిన కొత్తలో ఒకనాటి సంగతి. జీరో టికెట్లు కొట్టీ కొట్టీ నా వేళ్లు నొప్పిపెడుతున్నాయి. నాట్లకు పోయే ఒకామె, నలభై అయిదేళ్లుంటాయేమో, ఆయన పక్కన కూర్చుంది. పాలసీ చేసుకుంటానని తనే అడిగింది. ఆయన మామూలు ప్రశ్న వేశాడు. ఆమె తనకు బీపీ లేదని, ఉండె గానీ పోయిందని చెప్పింది.

"ఎట్ల పోయింది?"

"గోలి ఏసుకుంటున్న గద సారూ. పోయింది."

"ఎన్నొద్దులు ఏసుకోవాలె గోలి?"

"రోజు ఏసుకోమన్నడు డాక్టరు."

బస్సంతా నవ్వింది, ఆమెతో సహా. ఆయన ఒక్కడే నవ్వలేదు. ఆమె బొడ్లో దోపుకున్న సంచి విప్పించాడు. వక్కలు, సున్నం డబ్బీ, తంబాకు, వాటి నడుమ సగం స్ట్రిప్పు. "పోయినదానికి రోజూ గోలి ఎందుకమ్మా? అది పోలే. గోలి కింద దాక్కున్నది. కంపెనీ నీకు ఎట్లున్నదని అడుగతలేదు, ఏం మింగుతున్నవని అడుగుతున్నది," అన్నాడు. పక్క ఊళ్లో ఇంకో ఏజెంటు ఇవన్నీ రాయకుండానే చేస్తున్నాడట కదా అని ఆమె అడిగింది. అప్పుడే ఆయన ఎప్పుడూ చెప్పే మాట చెప్పాడు. "చేస్తడు. పైసలు గూడ కట్టించుకుంటరు. రేపు నువ్వు పోయినంక పాత దవాఖాన చీటీలు తీసి చూస్తరు. అబద్ధం మీద కట్టిన కిస్తు చందా అయితది బిడ్డా."

చందా! వినాయకుడికి ఇచ్చినట్టు అన్నమాట. ఇచ్చినోడు మళ్లీ అడగడానికి ఉండదు.

ఇట్లా చెప్పి ఎన్ని బేరాలు చెడగొట్టుకున్నాడో నేను కళ్లారా చూశాను. తోటి ఏజెంట్లు ఈయన పాలసీలు చేసేటోడా, చెడగొట్టేటోడా అని ఎగతాళి చేసేవారు. ఎందుకింత పట్టుదల అని మా బస్సులో రకరకాల ఊహలు. మందుల దుకాణాలతో లాలూచీ అని ఒకరు, కొడుకో బిడ్డో పోయి ఉంటుందని ఒకరు. నాకూ తెలుసుకోవాలని ఉండేది. రెండుమూడుసార్లు కదిలించి చూశాను. "టికెట్లు కొట్టు కండక్టరూ," అని కిటికీ వైపు తిరిగేవాడు.

ఇప్పుడు నా సంగతి చెప్పాలి. నాకూ ఒక గోలి ఉంది. నలభై దాటిన ఏడాదే పట్టుకుంది బీపీ. డిపోలో తెలిస్తే ఏమంటారోనని ఒక భయం, ఇంట్లో తెలిస్తే మా ఆవిడ ఉప్పూ కారం మాన్పిస్తుందని ఇంకో భయం. టికెట్ల సంచి లోపలి అరలో దాచి మూడేళ్లు గుట్టుగా మింగాను. ఒకరోజు లింగంపేట స్టేజీలో గోలి నోట్లో వేసుకుని నీళ్ల సీసా ఎత్తుతుంటే గోలీల సారు చూడనే చూశాడు. ఏం గోలి అని అడిగాడు. గ్యాస్ గోలి అన్నాను.

"మా దిక్కు ఎవలనడిగినా గ్యాసే. ఇంత గ్యాస్ ఉన్నోళ్లం సిలిండర్లు ఎందుకు కొంటున్నమో," అన్నాడు. తేలు కుట్టిన దొంగలా ముందు సీట్ల వైపు నడిచాను.

ఆ ఎండాకాలంలోనే నాతో ఎనిమిదేళ్లు పనిచేసిన డ్రైవరు పోయాడు. నా ఈడువాడే. బస్టాండులో చాయ్ తాగుతూ బెంచీ మీద కూర్చున్నవాడు మళ్లీ లేవలేదు. దినాలకు వెళితే అతని భార్య నా చేయి పట్టుకుని, అన్నా, ఆయన పేరు మీద ఏమన్న ఉన్నదా అని అడిగింది. ఏమీ లేదు. ఆ రాత్రి అన్నం సహించలేదు. నాకు ఇద్దరు ఆడపిల్లలు, ఒకతి ఇంటరు, ఒకతి పదో తరగతి. నేను ఇట్లాగే ఒరిగిపోతే వీళ్ల చేతిలో ఏముంటుంది? ఎలాగైనా పాలసీ తీసుకోవాలి. కానీ గోలి సంగతి చెబితే ఇస్తారో ఇవ్వరో!

సిగ్గు విడిచి చెబుతున్నాను, మొదట నేను గోలీల సారు దగ్గరికి పోలేదు. కామారెడ్డిలో ఇంకొకాయన దగ్గరికి పోయాను. ఆయన నవ్వి, మీరు గోలి సంగతి చెప్పలే, నేను వినలే, వారంలో బాండు చేతికొస్తది అన్నాడు. సంతకం పెట్టడానికి పెన్ను కూడా అందుకున్నాను. అప్పుడు ఆ పాడు చందా గుర్తొచ్చింది. డ్యూటీకి టైమైందని అబద్ధం చెప్పి లేచి వచ్చేశాను.

మర్నాడు బస్సులోనే గోలీల సారుకు ఉన్నదంతా చెప్పాను. గ్యాస్ తగ్గిందా మరి అన్నాడు. అంతకుమించి దెప్పలేదు. కానీ ఒక షరతు పెట్టాడు. ముందు మా ఆవిడకు చెప్పాలట. రేపు కంపెనీ మనిషి ఇంటికొచ్చి అడిగేది ఆమెనే కాబట్టి, ఆమెకు తెలియని గోలి ఫారంలో ఉండకూడదట. చెప్పాను. ఆమె ఏడవలేదు, తిట్టలేదు. లేచి వంటింట్లోకి పోయి మామిడికాయ తొక్కు జాడీని తీసుకెళ్లి అటక మీద పెట్టింది. అది ఇప్పటికీ అక్కడే ఉంది.

ఫారం ఆయనే రాశాడు. ఎవరి ఫారమైనా తన చేత్తోనే రాసేవాడు, గుండ్రటి పెద్ద పెద్ద అక్షరాలు. గోలి పేరు, ఎంత పవరు, ఎప్పటి నుంచి, రోజుకు ఎన్ని, అన్నీ స్ట్రిప్పు పక్కన పెట్టుకుని చూసి రాశాడు. ఇక డాక్టరు పరీక్ష. కామారెడ్డి క్లినిక్కు నుంచి ఫోన్ చేసి, రక్తం తీస్తారు, రేపు పరగడుపున రండి అని చెప్పారు. నేను పరగడుపున అంటే పరగడుపుననే పోయాను. బుక్క తినలేదు, గుక్క తాగలేదు. గోలి కూడా వేసుకోలేదు. వేసుకుంటే నీళ్లు తాగాలి కదా, మరి పరగడుపు ఎట్లా అవుతుంది?

తొమ్మిదికి రమ్మన్నవాళ్లు పదకొండు దాకా కూర్చోబెట్టారు. నాకసలే కోపం ముక్కు మీద ఉంటుంది. చేతికి పట్టీ చుట్టి గాలి కొట్టిన నర్సు అంకె చూసి డాక్టర్ని పిలిచింది. ఆయన మళ్లీ చూశాడు, ఇంకోసారి చూశాడు. నాతో వచ్చి పక్కనే ఉన్న గోలీల సారు నా చెవి దగ్గర, గోలి ఏసుకున్నవా అని అడిగాడు. పరగడుపన్నరు గద సారూ అన్నాను. ఆయన నుదురు కొట్టుకున్నాడు.

"పరగడుపంటే బువ్వ తినొద్దని తమ్మీ. గోలి మానుమని కాదు."

ఈరోజు గోలి వేసుకోలేదని రాయండని డాక్టర్ని బతిమాలాడు. డాక్టరు అదీ రాశాడు, అంకె కూడా ఉన్నదున్నట్టే రాశాడు. పదిహేను రోజులకు ఉత్తరం వచ్చింది. ఇప్పుడు ఇవ్వలేం, ఆరు నెలల తర్వాత మళ్లీ దరఖాస్తు చేసుకోండని.

ఎల్లారెడ్డి బస్టాండులో పదిమందిలో ఆయన మీద ఒంటికాలి మీద లేచాను. "నీ సత్యం నువ్వే మింగు సారూ. కామారెడ్డాయన తాన సంతకం పెడితే గీపాటికి నా పిల్లలకు ఏదో ఆధారం ఉంటుండె. గీ ఆర్నెల్లల నేను పోతే ఎవలు జవాబు?" అన్నాను. ఆయన సంచి పట్టుకుని అలాగే నిలబడ్డాడు. పెద్దమనిషిని అంతమాట అన్నందుకు ఇప్పుడు తలుచుకుంటే నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

మర్నాడు రాడనుకున్నాను. వచ్చాడు. చిల్లర చేతిలో పెట్టి, ఏసుకున్నవా అని అడిగాడు. నేను విననట్టే పక్క సీటుకు టికెట్టు కొట్టాను. ఆ మర్నాడూ అదే ప్రశ్న. వారం తర్వాత నాకే సిగ్గేసి తలూపాను. ఇక ఆరు నెలలూ అదే తంతు. ఆయన రాని రోజున, ఎప్పుడూ ఎక్కే ఆడవాళ్లు అడిగేవారు, కండక్టరూ, గోలి ఏసుకున్నవా అని. జీరో టికెట్టు తీసుకుంటూ నన్ను జవాబు అడుగుతారా అని పైకి విసుక్కున్నా, లోపల బాగానే ఉండేది. బస్సు ఆగిన అరగంటా సారు నన్ను బస్టాండు చుట్టూ నడిపించేవాడు. ఆయనే ఆయాసపడి ఆగిపోయి, నువ్వు నడువు నడువు అని చేత్తో సైగ చేసేవాడు. వయసు మీద పడింది కదా అనుకున్నాను.

రెండోసారి పరీక్షకు గోలి మింగే పోయాను. అంకె మంచిగా వచ్చింది. కొత్త ఫారం మళ్లీ ఆయనే రాసి పంపించాడు. తర్వాత రెండు వారాలు కూడా తిరగలేదు. ఒక బుధవారం ఆయన సీటు ఖాళీగా ఉంది. లింగంపేటలో ఎక్కినామె చెప్పింది, గోలీల సారు రాత్రి గుండె ఆగి పోయాడని. నేను డ్యూటీలో ఉన్నాను. బస్సు ఆపి పోవడానికి లేదు. ఆ రోజంతా ఎవరు ఎక్కారో ఎవరు దిగారో నాకు తెలియదు.

నెల తర్వాత పోస్టులో బాండు వచ్చింది. పాలసీ ఇచ్చారు! గోలి ఉన్నందుకు కిస్తు కొంచెం ఎక్కువ వేశారు, అంతే. మా ఆవిడ దాన్ని దేవుడి దగ్గర పెట్టింది. నాకు మాత్రం ఎవరికి చూపించాలో వాళ్లు లేకపోయారన్న దిగులు. ఆదివారం సెలవు పెట్టి, బాండు తీసుకుని ఎల్లారెడ్డిలో ఆయన ఇల్లు వెతుక్కుంటూ పోయాను.

రేకుల వసారాలో ఆయన భార్య చింతపండు గింజలు తీస్తోంది. సారు రోజూ ఎక్కే బస్సు కండక్టర్నని చెప్పాను. నువ్వేనా, పరగడుపాయనవు అని నవ్వింది. అంటే నా సంగతి ఇంట్లో చెప్పేవాడన్నమాట. చాయ్ పెట్టి ఇచ్చింది. ఏదో ఒకటి మాట్లాడాలి కదా అని, సారుకు పాలసీ పెద్దదే ఉండి ఉంటది గద అవ్వా అన్నాను.

"ఆయనకు పాలసీ లేదు కొడుకా. నాతోనే చెడిపోయింది."

ఆయనకు చిన్నప్పుడే కీళ్ల జ్వరం వచ్చి గుండెకు పట్టిందట. పెళ్లినాటికే రోజూ గోలి మింగేవాడట. ఆ మాట వినగానే బస్టాండులో చేత్తో సైగ చేస్తూ నిలబడ్డ మనిషి నా కళ్ల ముందుకొచ్చాడు. ఏజెంటైన కొత్తలో మొట్టమొదటి ఫారం తనదే నింపుకున్నాడట. గుండెజబ్బు లేదు, మందులు వాడటం లేదు అని. తెలిసిన డాక్టరు పరీక్షకు ఇంటికే వచ్చాడు. మంచం మీద కూర్చుని రాసుకుంటూ ఇన్ని మంచినీళ్లు అడిగాడు. ఈమె డాక్టరుకు ఒక గ్లాసు తెచ్చింది. పెనిమిటికి ఇంకో గ్లాసూ, అరచేతిలో గోలీ తెచ్చి ఇచ్చింది. రోజూ ఆ టైముకు ఇచ్చేదే.

"గోలి ఏసుకోలే నువ్వు ఇంకా, అన్న. ఫారంల ఏం రాసిండో నాకేం ఎరుక? డాక్టరు గోలి చేతిలకు తీసుకొని చూసిండు, ఈయన దిక్కు చూసిండు. పాలసీ రాదని చెప్పిండ్రు. నెల దినాలు నాతోని మాట్లాడలే. తర్వాత మాట్లాడిండు గని, ఆ ముచ్చట మళ్ల ఎన్నడు తియ్యలే. గిప్పుడు చూడు, నా చేతిల ఏం లేకపాయె. గా రోజు ఒక్క నీళ్లే తెస్తే అయిపోతుండె గద అనుకుంట. నేను తప్పు చేసిన్నా కొడుకా?"

రోజుకు వందమందితో వాదించే నోరు నాది. అవ్వతో మాత్రం వాదించలేదు. బస్సులో చూసినవి ఒక్కొక్కటీ చెప్పుకుంటూ వచ్చాను. నాట్లకు పోయే ఆమె సంచి విప్పించడం, చందా మాట, పోగొట్టుకున్న బేరాలు, నేను తిట్టిన తిట్లు, ఆ తర్వాత ఆరు నెలలు. ఆ రోజు నువ్వు డాక్టరు ముందు చేసిన పనినే ఆయన ఇరవై ఏళ్లు ఊరూరా తిరిగి అందరి చేతా చేయించాడు అవ్వా అన్నాను. ఆమె చింతపండు చేతులు కొంగుకు తుడుచుకుని బాండు చూపించమంది.

వెనక పేజీల్లో నా ఫారం జిరాక్సు ఉంది. ఆమెకు చదువు రాదు. కానీ ఆ గుండ్రటి అక్షరాలు చూడగానే, గిది ఆయన రాతే అంది. గోలి సంగతి యాడ రాసిండు అని అడిగింది. ఆమె వేలు పట్టుకుని ఆ వరస మీద పెట్టి, మందులు వాడుతున్నారా, అవును, ప్రతిరోజూ పొద్దున ఒకటి అని చదివి వినిపించాను. ఆమె చాలాసేపు వేలు తియ్యలేదు.

"బస్సుల ఉన్నోళ్లందరికి చెప్పిండు," అంది. "నీ తప్పేం లేదని నాకొక్క మాట చెప్తే ఏం పోతుండె."